ఇంకో రాడ్డు

2025 ఆగస్టు 4, సోమవారం

ఎరువుల దుకాణం వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ. ఏడు నెలలు దీని మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. ఇవాళ గ్లాసు పక్కకి జరిపి రాస్తున్నాను. నోటితో చెబితే మార్కాపురంలో ఒక్కడూ నమ్మడు. మైక్ సెట్ రాజరత్నం ఏదైనా చెప్పాడంటే ముందు నవ్వుతారు, తర్వాత వీపు తడుముకుంటారు, ఏమన్నా కాగితం అంటించానేమోనని. పదిహేడేళ్ళు కష్టపడి సంపాదించిన పేరు.

విషయం ఏమిటంటే మా హెప్సిబా వాళ్ళ బ్యాండు రెండో ఆల్బం అయిపోయింది. పొద్దున షాపుకి వచ్చి పెన్ డ్రైవ్ నా చేతిలో పెట్టింది.

"నాయనా, ఆదివారం కమ్యూనిటీ హాల్లో జనానికి వినిపిస్తాం. మేం గిద్దలూరు నుంచి నేరుగా హాలుకే వస్తాం. నువ్వు ఇది పెట్టి బటన్ నొక్కు. ఇంకేం చెయ్యొద్దు."

"సౌండు బాక్సులు పెట్టొద్దా?"

"నాయనా!"

"ఇంకేం చెయ్యొద్దంటివి గదమ్మా."

నవ్వింది. కానీ పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "నువ్వు ముందే ఒకసారి విను" అంది. ఎప్పుడూ అట్లా అడగదు.

వాళ్ళ మొదటి ఆల్బం ఎనిమిది దేవుని పాటలు. దోర్నాల నుంచి ముండ్లమూరు దాకా ఏ చర్చిలో కూర్చున్నా అందులో ఒకటి వినపడుతుంది. మా ఇంటామె కోటమ్మ పప్పు ఎసట్లో వేస్తూ కూడా పాడుతుంది. అట్లాంటివే ఇంకో ఎనిమిది చెయ్యండమ్మా అని పాస్టర్లంతా అడిగారు. వీళ్ళేమో రెండేళ్ళు కనపడకుండా పోయి ఒకే ఒక్క పాట చేశారు. నలభై ఒక్క నిమిషాలు. పేరు 'ఇంకో రాడ్డు'.

"ఏం పేరమ్మా అది, హార్డ్‌వేర్ షాపు ఓపెనింగుకా" అన్నాను. దానికి మాత్రం నవ్వలేదు.

దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారంట. ఏడో తరగతితో ఆపినవాణ్ణి. నాకు తెలిసింది ప్రోగ్రెస్ కార్డు. దాని మీద మా నాయన సంతకం కూడా నేనే పెట్టేవాణ్ణి.

ఆగస్టు 5

విన్నాను.

మొదలు బాగానే ఉంది. పాత ఇంజను ఒకటి స్టార్టు చేసినట్టు, వాళ్ళ బ్యాండులో పిల్ల ఫెబీ డ్రమ్స్ కొడుతుంది. తొడ మీద తాళం వేద్దామని చూశాను. చెయ్యి తప్పింది. మళ్ళీ వేశాను, మళ్ళీ తప్పింది. వేళ్ళతో లెక్కపెడితే ఏడు దెబ్బలు. ఎనిమిదోది ఉండాల్సిన చోట లేదు. మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు లేనట్టుంది.

అదైనా సర్దుకున్నాను. మూడో నిమిషంలో పాట మొత్తం ఆగిపోయింది. వైరు పోయిందని మార్చాను. ఆంప్లిఫయర్ మార్చాను. మొదటి నుంచి పెడితే సరిగ్గా అక్కడే ఆగింది. చెయ్యి తల మీద పెట్టుకుని కూర్చుంటే అర నిమిషం తర్వాత దానంతట అదే మొదలైంది.

ఆగస్టు 6

పదకొండు చోట్ల ఆగుతోంది.

ఆగస్టు 7

హెప్సిబాకి ఫోన్ చేశాను. "పాపా, పాట ఆగిపోతోంది."

"ఆగుతుంది నాయనా."

"పదకొండు చోట్ల ఆగుతోంది. పెన్ డ్రైవ్ చెడిపోయిందేమో."

"మొత్తం విన్నావా?" అంది.

"విన్నా. మధ్యలో ఎవడో అరిచినాడు కూడా. మీ రికార్డింగ్ గదిలోకి బయటోడు వచ్చినాడు చూడు."

"నాయనా, దీంతో కూడా ఆటలేనా" అని పెట్టేసింది.

ఆట కాదు. ఈసారి ఆట కాదు. కానీ ఆ పిల్లని అనడానికి కూడా లేదు. మొదటి ఆల్బం అప్పుడు నేను పాస్టరుగారి గొంతుతో ఫోన్ చేసి, మీ పాటల్లో మూడు తప్పులున్నాయమ్మా అంటే జాకబ్ పాపం రాత పుస్తకం తీసుకుని ఆయన ఇంటికే పోయాడు. గిటారు వాయించే పిల్లగాడు, నోట్లో నాలుక లేనోడు. ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. జాకబ్ తప్ప.

ఆగస్టు 8, శుక్రవారం

ఒక మంచి పని చేశాను.

మురళీధర్ ఫోటో స్టూడియోకి పోయాను. పెళ్ళి వీడియోలు కట్ చేసేవాడు కంప్యూటర్లో పాటని కట్ చెయ్యలేడా? తెర మీద పాట అంతా గీతలు గీతలుగా కనపడింది. అందులో పదకొండు చోట్ల గీత లేదు, వట్టి దారం.

"అన్నా, వాళ్ళు కావాలనే పెట్టినారేమో" అన్నాడు మురళీధర్.

"పాట ఆపడానికి ఎవడన్నా పాట రాస్తాడా? ఆదివారం హాల్లో ఆగిందంటే జనం ఎవర్ని చూస్తారు? బాక్సులు పెట్టినోణ్ణి. పదిహేడేళ్ళుగా వాళ్ళ తిట్లు తింటున్నా. నువ్వు కట్ చెయ్."

కట్ చేశాడు. ఎనిమిదో ఖాళీలో ఆ మగవాడి అరుపు ఉంది. అదీ పోయింది. నలభై ఒక్క నిమిషాల పాట ముప్పై అయిదయింది. ఆగకుండా పరిగెత్తింది. ఏడు దెబ్బల సంగతి మాత్రం ఏం చెయ్యలేమన్నాడు.

హెప్సిబాకి చెప్పలేదు. చెబితే నమ్మదు కదా. ఆదివారం వింటుంది, సంతోషపడుతుంది.

ఆగస్టు 10, ఆదివారం

బటన్ నొక్కాను.

హాలు నిండింది. వాళ్ళు ముగ్గురూ స్టేజీ మీద నిలబడ్డారు. వాయించడం లేదు, జనంతో పాటు వింటున్నారు. మొదటి ఖాళీ వచ్చే ముందు హెప్సిబా కళ్ళు మూసుకుంది. ఖాళీ రాలేదు. కళ్ళు తెరిచింది. తల తిప్పి నా వైపు చూసింది.

నేను బొటనవేలు ఎత్తి చూపించాను.

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. బొటనవేలు ఎత్తి నవ్వాను.

చప్పట్లు బాగానే కొట్టారు. "ఈసారి కొంచెం స్పీడుగా ఉంది" అన్నారు పాస్టరుగారు. జాకబ్ నేల చూస్తున్నాడు. ఫెబీ ఏడుస్తోంది. హెప్సిబా వచ్చి పెన్ డ్రైవ్ పీకేసుకుంది.

"ఇదొక్కటి వదిలిపెట్టలేకపోయినావా నాయనా?"

"అమ్మా, నేను బాగు చేద్దామని..."

"ఎట్లుంది జోకు? నవ్వినారా అందరూ?"

గిద్దలూరు బస్సెక్కి వాళ్ళతో పాటు పోయింది. ఇంటికి రాలేదు.

ఆగస్టు 11

నేను ఆట ఆడలేదు.

ఆగస్టు 12

నేను ఆట ఆడలేదు. ఎవరికి చెప్పినా ఇదే. టీ కొట్టుకాడ చెబితే, "ఏం యాక్టింగు చేస్తావు మామా" అని వీపు మీద చరిచాడు ఒకడు.

ఆగస్టు 13

కోటమ్మ మూడు రోజులుగా కంచం పెట్టి పక్కకి పోతోంది. ఇవాళ కూర్చుంది.

"ఏమయ్యా, నిజంగా తెలియలేదా నీకు?"

"ఏంది తెలిసేది?"

"ఆ పాట యాడిదో."

"యాడిదంటే? గిద్దలూరులో చేసినారు."

కోటమ్మ నా వైపు చూసిన చూపు, పిచ్చివాణ్ణి చూసినట్టుంది. "నేను ముందే విన్నా. నీకు చెప్పొద్దనింది పాప. నాయన విన్నప్పుడు ఆయనకే తెలుస్తుందిలే అమ్మా అనింది. నీకు పెన్ డ్రైవ్ ఇచ్చి మూడు రోజులు ఫోను చేతిలో పెట్టుకుని కూర్చునింది ఆ పిల్ల. నువ్వేమో ఫోన్ చేసి, చెడిపోయిందంటివి."

"ఏందో చెప్పు కోటమ్మా."

"బోరు."

అంతే చెప్పి కంచం తీసుకుపోయింది.

2008లో పుల్లలచెరువు అవతల మా ఊళ్ళో ఎకరా చేలో బోరు వేయించాం. నలభై ఆరు రాడ్లు దించారు, నీళ్ళు పడలేదు. మధ్యలో ఎవరో నీళ్ళు పడ్డాయని అరిచారు, పడలేదు. ఆ ఏడే ఊరు వదిలి మార్కాపురం వచ్చి మైక్ సెట్ పెట్టాను. ఇందులో పాట ఏముంది?

ఆగస్టు 14

ఎవరో అరిచారని నిన్న రాశాను. డైరీలో కూడా ఆటే.

అరిచింది నేను.

అన్నీ రాస్తాను. ఎండాకాలం, పొద్దున ఎనిమిదింటికి బోరు బండి వచ్చింది. మా ఊరి పాస్టరుగారు ప్రార్థన చేశారు. పక్క చేను మల్లయ్య మామ గొర్రెలు వదిలేసి వచ్చి, దేవుడు ఎవరైతే ఏందని తన తరఫున ఒక కొబ్బరికాయ కొట్టాడు. ఆ బండి ముసలిది. ఇంజను ఆరు సార్లు సరిగ్గా కొట్టి ఏడోసారి కుంటేది. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ఏడు. ఫెబీ కొట్టేది అది. ఎనిమిదోది లేదని నేను వేళ్ళు లెక్కపెట్టుకున్నది అది.

ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. రాడ్డు మొత్తం దిగాక బండి ఆపుతారు, పైన ఇంకో రాడ్డు బిగిస్తారు. బిగించేదాకా అర నిమిషం చప్పుడు ఉండదు. ఆ అర నిమిషం చేలో ఉన్నవాళ్ళంతా గొట్టం వైపు చూస్తారు. దుమ్ము తడిసిందా, వాసన మారిందా, లోపల ఏమన్నా కదిలిందా. చంకలో పిల్లలు కూడా ఏడవరు. అట్లా ముప్పై సార్లు నిలబడ్డాం.

ముప్పై ఒకటో రాడ్డు అయ్యాక నా వల్ల కాలేదు. కోటమ్మ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అందరి మొహాలు దుమ్ముతో ఒకేలా ఉన్నాయి. ఎవరన్నా ఒక్కరు నవ్వితే బాగుండు అనిపించింది.

"నీళ్ళు పడినాయిరో!" అని అరిచాను.

కోటమ్మ అక్కడే దుమ్ములో మోకాళ్ళ మీద పడింది. హెప్సిబాకి అప్పుడు పదకొండేళ్ళు. మొదటి నీళ్ళు నేనే పట్టాలని పొద్దున్నుంచి స్టీలు బిందె తోమి పెట్టుకుంది. బిందె ఎత్తుకుని పరిగెత్తింది. గొట్టం కింద బిందె పెట్టి వంగి చూసింది. బండి వాళ్ళు నవ్వారు. బండి వాళ్ళు మాత్రమే.

అది తల ఎత్తి నన్ను చూసింది. నేను అప్పుడు కూడా ఏదో చేశాను. బొటనవేలు అనుకుంటా.

తర్వాత బోరు లారీ వెనక్కి పోయి నిలబడ్డాను. అక్కడేం జరిగిందో చూడలేదు.

ఆగస్టు 15

సెలవు. జెండా కాడ మైకు పెట్టి వచ్చాను.

కోటమ్మని అడిగాను. "ఆ రోజు నేను లారీ వెనక్కి పోయినాక ఏం జరిగింది?"

"ఏం జరిగేది. మల్లయ్య మామ నిన్ను కొట్టడానికి కట్టె తీసినాడు. బోరు బండాయన ఇంక చాలమ్మా, దీంట్లో ఏం లేదు, ఆపేస్తా అన్నాడు. నేను లేచి మోకాళ్ళు దులుపుకుని, ఇంకో రాడ్డు దింపండి అన్నా."

చేట తీసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ మళ్ళీ అంది, "పదిహేను సార్లు అన్నా."

ఆగస్టు 19

షాపు తీశాను. మూశాను.

ఆగస్టు 24, ఆదివారం

గిద్దలూరు పోయాను. రైల్వే గేటు దగ్గర పాత రేకుల షెడ్డులో ప్రాక్టీసు చేస్తారు వాళ్ళు. నన్ను చూసి ఫెబీ కర్రలు కింద పెట్టి, జాకబ్‌ని తీసుకుని టీకి పోయింది. హెప్సిబా వైరు చుడుతూనే ఉంది.

"పాట కట్ చేసింది ఆట కాదమ్మా. నిజంగా చెడిపోయిందనుకున్నా."

"తెలుసు. మురళీధర్ బాబాయి ఫోన్ చేసి చెప్పినాడు."

"తెలిస్తే మరి ఎందుకు మాట్లాడవు?"

వైరు ఆపింది. "ఆట అయితేనే బాగుండేది నాయనా. నువ్వు ఆ రోజు మర్చిపోయినావని తెలిసి ఇంకా మండింది."

ఏం చెప్పాలి? మర్చిపోలేదని చెప్పాలా? మర్చిపోయినట్టు ఉండటం పదిహేడేళ్ళుగా అలవాటైంది, ఇప్పుడు ఏది ఏదో నాకే తెలియడం లేదు. అదే చెప్పాను. మొదటిసారి అది నన్ను ఒక మాదిరిగా చూసింది, తిట్టాలా వద్దా అన్నట్టు.

"ఆ దేవుని పాటలట్లాంటివే మళ్ళీ చేసుంటే సరిపోయేది గదమ్మా, అందరూ పాడుకునేవాళ్ళు" అన్నాను.

"అవి ఎవరైనా చేస్తారు నాయనా. మాకు ముందు వందమంది చేసినారు, మేం నేర్చుకున్నాం, బాగా వచ్చినాయి. రెండోది చేసేటప్పుడు తెలుస్తుంది, మనకంటూ చెప్పేది ఏమన్నా ఉందా లేదా అని. నేను వెతికితే ఇదొక్కటే ఉంది. ఆ చేను. ఆ ఖాళీలు. వాయించే చోట్ల కంటే ఆ ఖాళీలకే ఎక్కువ ప్రాక్టీసు చేసినాం. ఊపిరి కూడా పీల్చం. నలభై ఆరూ పెడితే జనం పారిపోతారని పదకొండే పెట్టినాం."

"నేను ఆ పదకొండూ తీసేసినా."

"తీసేసినావు."

ఇద్దరం నవ్వాం. ఎందుకో తెలియదు. నవ్వాక అది ముక్కు తుడుచుకుంది.

వచ్చే నెల ఇరవై ఒకటిన మార్కాపురంలో మొత్తం పాట స్టేజీ మీద వాయిస్తారంట. మైకు వేరేవాళ్ళకి చెప్పింది, వాళ్ళకి ఫోన్ చేసి వద్దంటానంది. తర్వాత ఇంకో మాట అడిగింది.

"ఎనిమిదో ఖాళీలో నువ్వే అరవాలి నాయనా. జాకబ్‌తో అరిపించినా కానీ అబద్ధంగా ఉంది."

"అమ్మా, అది అబద్ధమే."

"అందుకే. నువ్వు అరిస్తే మేమంతా నమ్మినాం."

ఆగస్టు 30

షాపు షట్టరు సగం దించి ప్రాక్టీసు చేశాను. పాస్టరుగారి గొంతు వస్తుంది. సర్పంచి గొంతు వస్తుంది. ఆర్టీసీ కండక్టరు గొంతు వస్తుంది. నా గొంతు రావడం లేదు.

సెప్టెంబరు 6

"నీళ్ళు" దాకా వస్తోంది.

సెప్టెంబరు 14

ఇవాళ వచ్చింది. గట్టిగా. పక్క సైకిల్ షాపు ఆయన కుళాయి వచ్చిందనుకుని బకెట్టు తీసుకుని బయటికి వచ్చాడు. ఆయన్ని చూసి నవ్వాలి కదా నేను. షట్టరు దించేశాను.

సెప్టెంబరు 20

రేపు. ముందు వరసలో మా ఊరి వాళ్ళని కూర్చోబెడతానంది హెప్సిబా. మల్లయ్య మామ కూడా వస్తాడంట.

సెప్టెంబరు 21, ఆదివారం

మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. నేను హాల్లో వెనక వైపు సౌండు మిక్సరు దగ్గర నిలబడ్డాను. ఎదురుగా నా మైకు.

మొదటి ఖాళీ వచ్చినప్పుడు వెనక కుర్రాళ్ళు కొందరు కేకలు వేశారు, కరెంటు పోయిందని. ముందు వరస వాళ్ళు కదల్లేదు. మా ఊరి వాళ్ళ వీపులు నాకు కనపడుతున్నాయి. ఒక్కో వీపు కొంచెం కొంచెంగా ముందుకి వంగింది. రెండో ఖాళీకి కోటమ్మ పక్కన ముసలామె చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏడు దెబ్బల ఇంజను విని, అది ఆగగానే, ఏం చెయ్యాలో వాళ్ళకి తెలిసిపోయింది. మూడో ఖాళీ నుంచి కుర్రాళ్ళు కూడా ఆపేశారు.

ఎనిమిదోది వచ్చింది.

మైకు ఎర్ర లైటు వెలుగుతోంది. స్టేజీ మీద ముగ్గురూ నా వైపు చూస్తున్నారు. ఫెబీ కర్రలు గాల్లో ఉన్నాయి. నేను ఊపిరి తీసుకున్నాను, అది బాక్సుల్లో వినపడింది. "నీళ్ళు" అనాలి. ముందు వరసలో కోటమ్మ నెరిసిన జుట్టు ముడి. ఆమె తిరిగి చూడటం లేదు. మెడ బిగుసుకుపోయి ఉంది.

అరుపు రాలేదు. ఎంతసేపో తెలియదు. అర నిమిషం దాటింది, నిమిషం దాటింది.

అప్పుడు మల్లయ్య మామ వెనక్కి తిరిగాడు. ఎగతాళికి అన్నాడో నిజంగానే అడిగాడో ఇప్పటికీ తెలియదు.

"ఏం రత్నం, పడినాయా?"

"పడలేదు మామా" అన్నాను.

మైకులో అన్నాను. హాలంతా వినపడింది. పడలేదు. పదిహేడేళ్ళకి.

ఎవరూ నవ్వలేదు. కోటమ్మ అప్పుడు కూడా వెనక్కి చూడలేదు. స్టేజీ వైపు చెయ్యి ఊపి, ఇంట్లో పిల్లలకి పని చెప్పినట్టు అంది.

"ఇంకో రాడ్డు దింపండమ్మా."

ఫెబీ కొట్టింది.

ఆఖరి ఖాళీ తర్వాత పాట మళ్ళీ మొదలవ్వదు. అదే దాని ముగింపు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరినొకరు చూసుకుంటున్నారు. మా ఊరి వాళ్ళు మాత్రం లేచారు. ఒక్కొక్కరే కోటమ్మ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, చెప్పులు వెతుక్కుని, మాట్లాడకుండా బయటికి నడిచారు. నీళ్ళు పడని చేలో నుంచి ఎట్లా పోతారో అట్లా. హెప్సిబా గిటారు మెడలో అట్లాగే పెట్టుకుని వాళ్ళని చూస్తూ నిలబడింది.

వైర్లు చుట్టేటప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"అరవమంటే అరవలేదు."

"రాలేదమ్మా. పాట చెడగొట్టినానా మళ్ళీ?"

"ఏమో నాయనా. తెలియదు." కాసేపు వైరు చుట్టింది. "దోర్నాలలో వాయించేటప్పుడు కూడా పడలేదనే చెప్పు."

ఇంటికి వచ్చింది. అన్నం తిని పోయింది.

సెప్టెంబరు 22

పాట బాగుందా అని టీ కొట్టుకాడ అడిగారు. తెలియదన్నాను. తాళం ఇప్పటికీ తప్పుతోంది.

అక్టోబరు 5, ఆదివారం

దోర్నాల దగ్గర పెళ్ళి. పొద్దున్నే పోయి బాక్సులు పెట్టి, చెక్ చెయ్యడానికి హెప్సిబా వాళ్ళ పాట పెట్టాను. మొత్తం పాట, ఖాళీలతో. మూడో నిమిషంలో ఆగింది. పెళ్ళికూతురి మేనమామ కండువా ఎగేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏందన్నా, బాక్సులు ఆగిపోయినాయి?"

"ఆగలేదు. రాడ్డు బిగిస్తున్నారు, ఉండు."

నా మొహంలోకి చూశాడు, జోకేమో అని. నేను బాక్సు వైపే చూస్తున్నాను. ఆయనకేం అర్థమైందో, కండువా భుజం మీద వేసుకుని నా పక్కన నిలబడ్డాడు. ఇద్దరం విన్నాం.